మా ఇంటి వెన్ను

మా తాతతో మాట్లాడాలంటే నేల మీద కూర్చోవాలి. నిలబడి మాట్లాడితే ఆయనకు మన కాళ్ళే కనబడేవి. నడుము అంతగా వంగిపోయింది. మెడ ముందుకు వచ్చి గడ్డం ఛాతీకి ఆనింది. చిన్నప్పుడు ఆత్మకూరుకు అమ్మమ్మ ఇంటికి పోతే, నేను పరుగెత్తి ఆయన ముందర చతికిలబడి తల పైకెత్తేదాన్ని. అప్పుడు గానీ ఆయన నవ్వు కనబడేది కాదు. "వచ్చినవా బిడ్డా? ఇగో, ఇప్పుడు అగుపడ్డవ్" అనేవాడు. నాకది ఆటలా ఉండేది. పెద్దవాళ్ళు ఎవరూ అట్లా కూర్చోరు కదా, అందుకని ఊళ్ళో ఆయన మొహం బాగా తెలిసింది పిల్లలకే.

ఆ తాత కొడుకుకే నన్ను ఇచ్చారు. మా అమ్మకు సొంత తమ్ముడు, నాకు మేనమామ. పెళ్ళికి ముందు మామా అన్నాను, పెళ్ళయ్యాకా మామా అనే అన్నాను. అమ్మమ్మే అత్త అయింది. పిల్లను బయటికి పంపటం ఎందుకు, మన ఇంట్లోనే ఉంటుంది అనుకున్నారు. మా దగ్గర అందరూ చేసేదే. నాకూ సంతోషమే అయింది, తెలిసిన ఇల్లు, తెలిసిన పొయ్యి.

నాకు చదువు రాదు. చెబుతుంటే రాస్తున్నారు. చెప్పేది మాత్రం ఒకటే సంగతి. నాకు ఒక్కడే కొడుకు. తాతకు వంగింది, మామకు వంగింది, వీడికి వంగుతుందా వంగదా అనేదే నా బతుకులో సగం. మిగతా సగం కూలి.

పెళ్ళినాడు మామ నిటారుగానే ఉన్నాడు. పొద్దున లేచేటప్పుడు మాత్రం కష్టపడేవాడు. ముందు పక్కకు దొర్లుతాడు, మోచెయ్యి ఆనిస్తాడు, ఆగుతాడు, తర్వాత గోడ మీద అరచెయ్యి పెట్టి "ఊఁ" అని ఒక పొడుగు మూలుగు మూలిగి లేస్తాడు. రోజూ అదే చోట చెయ్యి పెట్టి పెట్టి సున్నం గోడ నల్లబడింది. ఎండ ఎక్కేసరికి నడుము వదిలేది. మధ్యాహ్నానికి అందరితో సమానంగా నాగలి దున్నేవాడు. దాంతో ఆయన నొప్పిని ఎవరూ నమ్మలేదు.

"పొద్దుగాల ముసలోడు, మాపటికి పెండ్లికొడుకు" అని పక్క చేను ఆయన ఎకసెక్కం చేసేవాడు. "పొద్దటి పని తప్పించుకునేటందుకు మంచి రోగం దొరికిందిరా నీకు. నాక్కూడ జర అంటియ్యి."

"దా, పక్కపొంటి పండుకో, అంటిస్త" అనేవాడు మామ. నవ్వేవాడు. నవ్వినప్పుడు పక్కటెముకలు పట్టుకునేవాడు.

ఒక్కొక్కసారి ఒక కన్ను ఎర్రబడేది. నిప్పు కణికలా అయ్యేది, వెలుతురు చూడలేకపోయేవాడు. నందివర్ధనం పువ్వు పిండి రసం వేసేదాన్ని. కొన్నాళ్ళకు తగ్గేది. కంటికీ నడుముకూ సంబంధం ఉంటుందని ఎవరు అనుకుంటారు?

కొడుకు పుట్టాక, మామ మెడ తిప్పలేని స్థితికి వచ్చాడు. ఎవరైనా పిలిస్తే ఎడ్లబండి మళ్ళినట్టు మనిషి మొత్తం మళ్ళేవాడు. సూర్యాపేట తీసుకుపోయాం. ఎక్స్‌రే తీశారు. అక్కడి డాక్టరు దాన్ని వెలుతురుకు పట్టి చూపించాడు. విడివిడిగా ఉండాల్సిన ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోయి, కణుపులున్న వెదురు బొంగులా కనబడింది. "నీళ్ళ జబ్బు" అన్నాడు ఆయన. "మన జిల్లాల ఎందరు లేరు? నీళ్ళల్ల ఫ్లోరైడు. నీళ్ళు మార్సుండ్రి."

ఆ మాట మాకు గుండెల్లో కూర్చుంది. ఎందుకంటే సరిగ్గా కుదిరింది. పడమటి ఊళ్ళల్లో నీళ్ళు తాగి వంగిన వాళ్ళను మేమూ చూశాం. మా ఊళ్ళో మాత్రం వంగింది మా ఇంటి వాళ్ళే. ఊరంతా ఊరబావి నీళ్ళు తాగుతుంది. మా ఒక్కరికే పెరట్లో సొంత బావి ఉంది. మా ముత్తాత తవ్వించింది, తియ్యటి నీళ్ళని పేరు. ఇంకేం కావాలి? అమ్మమ్మ బావి గట్టు మీద కూర్చుని శాపనార్థాలు పెట్టింది. "నా మొగుణ్ణి తిన్నవ్, నా కొడుకుని తింటున్నవ్. నీల రాళ్ళు వొయ్య" అన్నది. అన్నట్టే పోయించింది. రాళ్ళు, పాత గోడ మట్టి, పెంకులు, అన్నీ బండ్లకెత్తి తెచ్చి పూడ్చారు. ఎంత పోసినా కింద నీళ్ళ చప్పుడు వినబడుతూనే ఉండేది.

అంతటితో ఆగలేదు మేము. సాగర్ కాలువ నీళ్ళయితే దోషం ఉండదని, చేను కౌలుకిచ్చి, పిల్లవాణ్ణి ఎత్తుకుని మిర్యాలగూడ వచ్చాం. రైస్ మిల్లులో ఉడికించిన వడ్లు ఆరబోసే గచ్చు మీద ఇద్దరికీ పని దొరికింది. కిరాయికి ఒక గది తీసుకున్నాం. నేను పిల్లవాడికి బోరింగు నీళ్ళు చుక్క తాకనివ్వలేదు. కాలువ నీళ్ళు తెచ్చి, కాచి, గుడ్డలో వడకట్టి పోసేదాన్ని. బడికి సీసాలో పోసి పంపేదాన్ని. వాడు ఎక్కడన్నా నీళ్ళు తాగివస్తే కొట్టేదాన్ని కూడా.

మామ మాత్రం వంగుతూనే ఉన్నాడు. మిల్లు హమాలీలు "నీ ఈపు మూట కోసమే చేసినట్టున్నదే, పీట ఏసినట్టు" అని ఆటపట్టించేవాళ్ళు. "ఎన్నేండ్ల విషం పేరుకున్నదో, పోవద్దా మరి" అని మేము సర్దిచెప్పుకునేవాళ్ళం. నొప్పి ఎక్కువున్న రోజు నేనే పనికి పోనివ్వకుండా పడుకోబెట్టేదాన్ని. "కదలకు మామా, నడుముకు అలుపు తీరనియ్యి" అని, ఎత్తు దిండు పెట్టి, దుప్పటి కప్పి పోయేదాన్ని.

ఒకరోజు గచ్చు మీద తడి ఉంది. మామ కాలు జారింది. పెద్ద ఎత్తు నుంచి కాదు, నిలబడ్డ చోటే వెనక్కి పడ్డాడు. వేరే వాళ్ళయితే దులుపుకుని లేచేవాళ్ళు. ఆయన మెడ ఎండిన జొన్నకర్రలా విరిగింది. దవాఖానలో మాట్లాడుతూనే ఉన్నాడు, కాళ్ళూ చేతులూ మాత్రం ఆడలేదు. "పిలగాడు ఏ నీళ్ళు తాగిండు?" అని అడిగాడు చివర్లో. కాలువ నీళ్ళే అన్నాను.

పాడె మీద ఆయన్ను పడుకోబెట్టలేకపోయారు. వెల్లకిలా వేస్తే వీపు ఆనుతుంది, తల లేచే ఉంటుంది. ఎవరో పిలిస్తే లేవబోతున్నట్టు. నలుగురూ నొక్కి చూశారు, ఒకాయన ఏడుస్తూ వదిలేశాడు. చివరికి వరిగడ్డి చుట్ట చుట్టి తల కింద పెట్టారు. అట్లా తల ఎత్తుకునే పోయాడు. ఆ తల నా వైపే తిరిగి ఉంది. ఎన్ని ఏళ్ళయినా కళ్ళు మూస్తే అదే కనబడుతుంది, లేవబోతున్న మనిషి.

మామ పోయాక కూడా తెల్లవారుజామున గోడ దగ్గర ఆ మూలుగు వినబడేది. అలవాటు పడ్డ చెవి అనుకునేదాన్ని. లేచి చూస్తే గోడే ఉండేది. కొడుకు పదో తరగతి పాసయి మోటారు వైండింగ్ షాపులో చేరిన ఏడాది, ఒక పొద్దున మళ్ళీ వినబడింది. పక్కకు దొర్లిన చప్పుడు, మోచెయ్యి ఆనిన చప్పుడు, తర్వాత "ఊఁ." మామే అనుకుని ముందు అటు తిరగలేదు. తర్వాత తిరిగి చూస్తే నా కొడుకు గోడ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"ఏమైందిరా?"

"ఏం కాలే. షాపుల వంగి కూసుంట కదా, పట్టుకున్నది."

"ఎన్ని రోజులాయె?"

"ఏమో, జర సేపుంటే అదే పోతది. చాయ్ వెయ్యవే."

జరసేపుంటే అదే పోతుంది. మామ నడుమూ ఎండ ఎక్కేసరికి అట్లాగే వదిలేది.

అప్పుడే మిర్యాలగూడలో నీళ్ళ జబ్బు వాళ్ళను చూడటానికి హైదరాబాదు నుంచి డాక్టర్లు వచ్చారని మిల్లులో చెప్పుకున్నారు. నేను ఒక సీసాలో కాలువ నీళ్ళు పట్టుకుని, వాణ్ణి ఈడ్చుకుని పోయాను. అక్కడ అందరిలో ఒక డాక్టరమ్మ ఉంది, నడివయసు మనిషి, జుట్టు ముడి వేసుకుని. ఆమె బల్ల మీద నీళ్ళ సీసా పెట్టాను.

"ఈ నీళ్ళు చూడు డాక్టరమ్మా. కాలువ నీళ్ళే తాపిన. అయినా నా కొడుక్కు పట్టుకున్నది."

ఆమె సీసా వైపు చూడలేదు. వాణ్ణి నోరు తెరవమన్నది. "పళ్ళు తెల్లగా ఉన్నాయి. నాన్నగారి పళ్ళు?"

"ఆయనవి గూడ తెల్లగనే."

"పసుపు మచ్చలు, గార? తాతగారికి?"

"ముసలితనంల గూడ చెరుకు నమిలిండు."

"నొప్పి పని చేస్తే పెరుగుతుందా, తగ్గుతుందా?"

"కదిలితే తగ్గుతది. పండుకుంటె పెరుగుతది" అన్నాడు వాడే.

"నాన్నగారికి కన్ను ఎర్రబడేదా? ఒక కన్నే?"

చచ్చిపోయిన మనిషిని ఆమె ఎట్లా చూసింది? నేను ఎవరికీ చెప్పని సంగతి అది.

ఆమె వాడి వీపు మీద పెన్నుతో రెండు చుక్కలు పెట్టింది, నడుము దగ్గర ఒకటి, బెత్తెడు పైన ఒకటి. టేపుతో కొలిచింది. వంగి కాలివేళ్ళు ముట్టుకోమన్నది. మళ్ళీ కొలిచింది. వంగినప్పుడు వెన్ను సాగాలట, చుక్కలు దూరం జరగాలట. వాడివి జరిగాయి గానీ జరగాల్సినంత జరగలేదు.

"ఇది నీళ్ళది కాదమ్మా" అన్నది. "వాపు రోగం. ఒంటిని కాపాడాల్సిన కావలివాళ్ళే సొంత కీళ్ళ మీద పడి కొడతారు. అక్కడ వాచి, వాచి, ఎముక అతుక్కుంటుంది. కంట్లో కూడా అదే వాపు. ఇది ఇంటి రక్తంలో వస్తుంది. నేను చదివేది ఇదే."

పూడ్చిన బావిలో నీళ్ళ చప్పుడు ఎక్కడి నుంచో వినబడింది నాకు.

మా ఇంటి వాళ్ళ సంబంధాలు అడిగింది. కాగితం మీద మగవాళ్ళకు చదరం, ఆడవాళ్ళకు గుండ్రం గీసింది. రోగం ఉన్నవాళ్ళకు లోపల నలుపు. తాత నలుపు, మామ నలుపు. మామకూ నాకూ మధ్య గీత ఒకటి గీసి ఆగింది. "మీ వారు మీకు ఏమవుతారు?"

"మేనమామ."

ఆ గీత పక్కనే ఇంకో గీత గీసింది. దగ్గరి చుట్టరికానికి రెండు గీతలట. "అయితే ఆ తాత మీకూ తాతే కదా" అన్నది. "మీ అమ్మగారు ఉన్నారా?"

మా అమ్మ కోదాడలో మా తమ్ముడి దగ్గర ఉంది. డాక్టరమ్మ జీపులోనే పోయాం, నేను, కొడుకు. మంచు పెట్టిన తెల్ల డబ్బా ఒకటి మా కాళ్ళ దగ్గర పెట్టారు. అమ్మ చేట పట్టుకుని బియ్యం చెరుగుతోంది. సూది సంగతి వినగానే చేట కింద పెట్టింది.

"నా రక్తం పట్నం తీసుకెళ్ళి ఏం చేస్తరమ్మా, అమ్ముకుంటరా? నాకే రోగం లేదు. రోగం నా తమ్ముడిది, మా నాయినది. మొగోళ్ళ రోగమది."

"అమ్మా, ఊరికే ఒకసారి గోడకు ఆనుకుని నిలబడండి. మడమలు, వీపు, తల గోడకు ఆనాలి."

అమ్మ నవ్వుకుంటూ నిలబడింది. మడమలు ఆనాయి. వీపు ఆనింది. తల ఆనలేదు. డాక్టరమ్మ తన చెయ్యి అడ్డంగా గోడకూ అమ్మ తలకూ మధ్య పెట్టింది. సులువుగా పట్టింది.

"ఇంకా వెనక్కి పెట్టండి."

"ఇదే ఎనక్కి. కుండల మీద కుండలు మోసినం, మెడ అట్లయింది."

మా మరదలు గుమ్మంలో నిలబడి ఉంది. "మా అత్త పొగరుతోటి మెడ ముందుకు పెట్టి నడుస్తదనుకున్న ఇన్నేళ్ళు" అన్నది.

"నోర్ముయ్ నువ్వు. పొద్దున్నే నడుము పట్టెయ్యని ఆడది ఉంటదా ఎక్కడన్నా? నాట్లేసినోళ్ళు నిటారుగా ఉంటరా?" అమ్మ కోపంగా డాక్టరమ్మ వైపు తిరిగింది. మెడ కాదు, మనిషి మొత్తం తిరిగింది.

అప్పుడు చూశాను. పుట్టినప్పటి నుంచి చూస్తున్న మనిషిని అప్పుడు చూశాను. మామ మళ్ళినట్టే మళ్ళింది. నాట్లు వేసేవాళ్ళు వంగుతారు, నీళ్ళు మోసేవాళ్ళు వంగుతారు, ఆడవాళ్ళ వంపును ఎవరు లెక్కపెడతారు? డాక్టరమ్మ కాగితం తీసి అమ్మ గుండ్రం లోపల నెమ్మదిగా నలుపు నింపింది.

నేను ఆ ఇంటికి కోడలుగా పోయాననుకున్నాను. రోగం వాళ్ళది, కష్టం నాది అనుకున్నాను. నేను పోయింది ఎక్కడికీ లేదు. అక్కడి నుంచి అక్కడికే.

"మరి నా కొడుక్కు ఎవరి నుంచి వచ్చింది?" అని అడిగాను.

"తండ్రి నుంచి కావచ్చు, మీ నుంచి కావచ్చు. రక్తంలో ఆ గుర్తు ఉన్న అందరికీ రోగం రాదు. కొందరికే ఎందుకు వస్తుంది, ఇంకేం కలిస్తే వస్తుంది, అదే నేను వెతుకుతున్నాను. మీకు పొద్దున నడుము పడుతుందా?"

"నా సంగతి కాదు డాక్టరమ్మా, పిలగాని సంగతి చెప్పు."

అమ్మ కూడా చివరికి గొణుగుతూనే చెయ్యి చాపింది. డాక్టరమ్మ ముగ్గురి రక్తమూ తీసింది. చిన్న చిన్న గొట్టాల్లో పోసి, కాగితాలు అతికించి, మంచు డబ్బాలో పక్కపక్కన పెట్టింది. మామది లేదే, తాతది లేదే, ఎట్లా అని అడిగాను. "వాళ్ళది మీలోనే చూస్తాం" అన్నది. ఆమె మామూలుగానే అన్నది. నాకు మాత్రం ఆ డబ్బా మూత మూస్తుంటే లోపల ఎవరో తల ఎత్తినట్టయింది.

దీనికి మందు ఉందా అంటే నొప్పి తగ్గటానికి ఉంది, రోగం ఆపటానికి ఇంకా లేదన్నది. ఇది తేలితే ముందు ముందు వస్తుందన్నది. "అప్పటిదాకా నా కొడుకు ఎట్లుంటడు?" అంటే వాణ్ణి చాప మీద బోర్లా పడుకోబెట్టి వ్యాయామం నేర్పింది. రోజూ చెయ్యాలి, కాలువలో ఈత కొట్టాలి, దిండు తీసెయ్యాలి. "వెన్ను అతుక్కుంటే అతుక్కోనీ, నిటారుగా అతుక్కోవాలి. ఏం చేసినా పడుకోబెట్టవద్దు. కదలకపోతేనే త్వరగా బిగుసుకుంటుంది."

నేను పెట్టిన ఎత్తు దిండు, కప్పిన దుప్పటి గుర్తొచ్చాయి. ఆమెకు చెప్పలేదు. చెప్పి ఏం చేస్తాను, ఆయన రాడు.

మిర్యాలగూడ తిరిగి వచ్చాక నేను కొలవటం మొదలుపెట్టాను. నాకు టేపు అంకెలు తెలియవు. బొగ్గుతో వాడి వీపు మీద రెండు చుక్కలు పెట్టి, వాటి మధ్య దూరం దారానికి ముడి వేసేదాన్ని. వంగమనేదాన్ని. దారం ముడి దాటి ఎంత సాగితే అంత మేలు. సాగిన చోట ఇంకో ముడి. అమావాస్య అమావాస్యకు అనుకున్నాను, ఆగలేకపోయాను. వాడు స్నానం చేసి వచ్చినప్పుడల్లా దారం తీసేదాన్ని. నడుస్తుంటే వెనక నడిచేదాన్ని. అన్నం తింటుంటే మెడ చూసేదాన్ని. వాడు చెప్పు వేసుకోవటానికి వంగితే చేతిలో పని ఆపేదాన్ని.

పాపం, వాడు బాగానే చేశాడు. తెల్లవారకముందే కాలువలో దిగేవాడు. చలికాలం కూడా మానలేదు. డాక్టరమ్మ ఒకసారి మళ్ళీ వచ్చి టేపు పెట్టి, "పెద్దగా తగ్గలేదు, మంచిది" అన్నది. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. మామ కూడా ఒకప్పుడు బాగానే ఉన్నాడు కదా.

ఒక ఆదివారం పొద్దున దారం తీసేసరికి వాడు చొక్కా వేసుకుంటున్నాడు.

"విప్పురా. ఒక్కసారి."

"మొన్ననే కొలిశినవ్ కదనే."

"మొన్న సరిగ్గ సూడలే."

విప్పాడు. చుక్కలు పెట్టించుకున్నాడు. వంగాడు. దారం వెనుకటి ముడి దాకా వచ్చింది, తగ్గలేదు. ఇంకోసారి వంగమన్నాను. వాడు నిటారుగా లేచి నా వైపు తిరిగాడు.

"అమ్మా, ఇగ సాలు. నువ్వు దారం వెట్టినప్పుడల్ల నాకు ఏమైతదో ఎరుకేనా? నాయిన నా ఎనక నిలవడ్డట్టైతది. ఆయన మూలుగు నాకు ఇనరాలేదనుకున్నవా? నేను గూడ ఆ ఒక్క అర్రలనే పండుకున్న గద."

"నీ కోసమే కదరా..."

"నాది సూశినవ్, ఆగింది. మరి నీదేది?"

"నాదేంది?"

"పొద్దుగాల గోడ పట్టుకోని లేస్తున్నవ్. ముందుగాల పక్కకు దొర్లుతవ్, మోచెయ్యి పెడ్తవ్, ఆగుతవ్. నాకు అగుపడదనుకున్నవా? నువ్వు నన్ను సూస్తె నేను నిన్ను సూస్త."

"మిల్లు పని జేసేటోళ్ళకు ఉంటదిరా. ఆడోళ్ళకు..."

మా అమ్మ గొంతు అది. గోడకు ఆనుకుని నిలబడ్డ అమ్మ గొంతు.

వాడు నా చేతిలోంచి దారం తీసుకున్నాడు. "తిరుగు" అన్నాడు. తిరిగాను. రవిక కింద నడుము మీద బొగ్గు చల్లగా తగిలింది. కాస్త పైన ఇంకో చుక్క. వాడి వేళ్ళు దారం పట్టి ముడి వేస్తున్నాయి, వైండింగ్ చేసే చెయ్యి, ఎంత నెమ్మదో.

"వంగు."

వంగాను. నా కంటికి నా మోకాళ్ళు కనబడ్డాయి, ఆ కింద గచ్చు కనబడింది. కాలివేళ్ళు చాలా దూరంలో ఉన్నాయి. వెనకాల వాడు దారం ఒకసారి పట్టి, మళ్ళీ పట్టి చూశాడు.

"ఏమాయెరా?"

"సాగింది."

"ఎంత?"

"సాగిందన్న కద."

"సూపియ్యి."

"నీకేం తెలుస్తది, కండ్లు మసకలు నీయి" అని దారం పిడికిట్లో ముడిచాడు. చిన్నప్పుడు బోరింగు నీళ్ళు తాగివచ్చి తాగలేదని చెప్పేటప్పుడు కూడా పిడికిలి అట్లాగే ముడిచేవాడు.

నేను అడగలేదు. ఇన్నాళ్ళూ వాడి వెనకాల నిలబడి దేని కోసం చూశానో అది నా వెనకాలే ఉంది. భయం వేస్తుందనుకున్నాను. వాడి మొహం చూసి భయం పక్కన పెట్టాను. ఇప్పుడు వాడికి నేను ఉన్నాను, చూసి భయపడటానికి.

వాడు చాప పరిచాడు. దాని పక్కన ఇంకో చాప పరిచాడు.

"బోర్ల పండు. నేనెట్ల జేస్తె గట్ల జెయ్యి."

"ఈ వయసుల నేను..."

"ఏం వయసు వచ్చిందే నీకు? పండు."

పడుకున్నాను. చేతులు ముందుకు చాపమన్నాడు, చాపాను. ఛాతీ పైకెత్తమన్నాడు. కొంచెమే లేచింది.

"ఇంక జర" అన్నాడు.